దారాల పరంజ్యోతి

మా వైపు మనిషికి రెండు పేర్లు. ఒకటి కన్నవాళ్లు పెడతారు, ఇంకొకటి ఊరు పెడుతుంది. కన్నవాళ్లు పెట్టింది పాస్టరు గారి పుస్తకంలో భద్రంగా ఉంటుంది. ఊరు పెట్టింది చచ్చేదాకా మనిషి వెంట నడుస్తుంది. పరంజ్యోతికి ఊరు పెట్టిన పేరు దారాల పరంజ్యోతి. కుట్టుపని చేస్తుందేమో అనుకునేరు. సూదిలో దారం ఎక్కించమంటే ఆమె ఇప్పటికీ పక్కింటి పిల్లను పిలుస్తుంది.

ఆ పేరు సంగతి తెలియాలంటే ముందు పని సంగతి తెలియాలి. ఆళ్లగడ్డ చుట్టుపక్కల చేలల్లో కంపెనీల కోసం పత్తి విత్తనం పండిస్తారు. వానలు వెనకబట్టే రెండు నెలలూ ఆ చేలల్లో ఆడవాళ్లకు క్రాసింగ్ పని. మధ్యాహ్నం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులూ పుప్పొడీ గిల్లేసి, నడిమి కాడను మాత్రం మిగిల్చి, దానికి ఎర్ర కాగితం తొడుగుతారు. మర్నాడు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు లోపల కాగితం తీసి, మగపువ్వు తెచ్చి రాసి, తొడిమకు ఒక దారం కడతారు. దారం ఉన్న కాయ విత్తనం కిందికి పోతుంది. దారం లేని కాయ ఉత్త పత్తి. పన్నెండు దాటిందా, ఎండకు పుప్పొడి చచ్చి, నిన్నటి మొగ్గలన్నీ మట్టిపాలు. ఎవరొచ్చి బతిమాలినా ఆ మూడు గంటలు వాయిదా పడవు.

పదేళ్ల కిందట పరంజ్యోతికి నిద్ర పట్టడం మానేసింది. ఒకటి రెండు రాత్రులు కాదు, పదకొండు రోజులు కన్ను మూయలేదు. కాలువ గట్టు వెంట నడుస్తూ, తనకు తప్ప ఎవరికీ వినపడని వాళ్లతో గొంతు పోయేదాకా వాదులాడింది. ఊరు తలా ఒక మందు చెప్పింది. గాలి సోకిందని ఒకరు, ఎవరో చేయించారని ఒకరు, మూడు శుక్రవారాలు ఉపవాసముండి ప్రార్థన చేయించమని ఒకరు. ఉచిత సలహాకు మా ఊళ్లో ఎన్నడూ కరువు లేదు. ఆమె మొగుడు ఎలీషా ఆటో తోలుతాడు, నోట్లో నాలుక లేని మనిషి. అందరూ చెప్పిందీ చేసి, ఆఖరుకు కర్నూలులో పెద్ద డాక్టరుకు చూపించాడు. రెండుసార్లు పోయేసరికి పాలిచ్చే ఎనుము పోయింది. మూడోసారికి చెవికమ్మలు పోయాయి. నాలుగోసారి పోవడానికి ఇంట్లో అమ్మేదేమీ మిగల్లేదు.

అప్పుడు తెలిసింది గురువారం డాక్టరు సంగతి. నంద్యాల నుంచి ఒక చిన్న సంస్థ వాళ్లు మనసు జబ్బులు చూడటానికి ప్రతి గురువారం ఆళ్లగడ్డ వస్తారు. బజారు వెనక వీధిలో రెండు గదులు, వరండాలో నాలుగు బెంచీలు. పది రూపాయల చీటీ, బిళ్లలు ఊరికే. పొద్దున ఎనిమిదిన్నరకు తలుపు తీసి ఒంటిగంటకు మూసి, డాక్టరమ్మ వందన మళ్లీ నంద్యాల బస్సెక్కుతుంది. ఏమైందని ఎలీషాను అడక్కుండా పరంజ్యోతినే అడిగిన మొదటి మనిషి ఆమె. మూడు నెలలకు పరంజ్యోతి మనుషుల్లో పడింది. తిన్నది, పడుకున్నది, చర్చిలో పాట ఎత్తుకుంది.

ఆ తర్వాత చేసిన పని వింటే మీకు ఒళ్లు మండుతుంది గానీ, క్రాసింగ్ చేసే ఊళ్లో పుట్టుంటే మీరూ అదే చేసేవాళ్లు. సీజను వచ్చింది. డాక్టరు పొద్దునే, పువ్వూ పొద్దునే. ఏది మానాలి? రెండు నెలలే గదా అని మందులకు సెలవిచ్చింది. ఏడాది కూడు ఆ రెండు నెలల్లోనే ఉంది మరి. సీజను సగం దాటిన ఒక పొద్దున, తాను పనిచేసే రైతు శేషయ్య చేన్లో, ఉన్నట్టుండి ఆమెకు ఆ దారాలన్నీ చెట్ల మెడకు వేసిన ఉరితాళ్లలా కనిపించాయి. పాపం వాటిని విడిపించాలనుకుంది. ఒక్కొక్క దారమే తెంపుకుంటూ పోయింది. ఎవరో చూసి కేకేసేసరికి నాలుగు సాళ్లు అయిపోయాయి. ఏ కాయ విత్తనమో, ఏది ఉత్తదో చెప్పేవాడు లేడు. శేషయ్య గట్టు మీద కూలబడ్డాడు.

ఎలీషా తన ఆటోలో ఆమెను నంద్యాల ఆస్పత్రికి తీసుకుపోయాడు. పద్దెనిమిది రోజులు అక్కడే ఉండి తిరిగొచ్చేసరికి ఊరు కొత్త పేరు పెట్టి సిద్ధంగా ఉంచింది.

ఇంకొకతె అయితే తలుపేసుకునేది. పరంజ్యోతి ఏం చేసిందో తెలుసా? తర్వాతి సీజను మొదటి రోజున, గట్టు మీద అందరూ సద్ది మూటలు విప్పుతుంటే, తన బిళ్ల తీసి అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించింది. "ఇది నా బిళ్ల. దీన్ని మింగితేనే నేను మనిషిని. మీరు బీపీకి మింగుతాండారు, చక్కెరకు మింగుతాండారు, దాన్నెవరూ దాచరు. నేనెందుకు దాస్తా?" అని నీళ్లు తాగింది. అప్పటినుంచి ఇప్పటిదాకా రోజూ అదే గట్టు, అదే బిళ్ల. దారాల పరంజ్యోతీ అని పిలిస్తే "ఏందీ?" అని పలుకుతుంది. పలకడం మొదలుపెట్టాక వెక్కిరించేవాళ్లకు సరదా చచ్చిపోయింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు. మూడేళ్లలో, తనతో కలిపి పదమూడు మంది ఆడవాళ్ల గుంపుకు ఆమే మేస్త్రి అయింది. శేషయ్యే పిలిచి మరీ చేను అప్పగించాడు. ఆమె గుంపు గిల్లినంత నున్నగా ఆ చుట్టుపక్కల ఎవరూ గిల్లరు మరి.

అట్లాంటి మనిషి పోయిన ఏడాది సెప్టెంబరులో నోరు జారింది.

గుంపులో లూదియా అని ఇరవై నాలుగేళ్ల పిల్ల ఉంది. బిడ్డ పుట్టిన మూడో నెల నుంచి ఆ పిల్లకు నవ్వు పోయింది, ఆకలి పోయింది. పక్కలో బిడ్డ ఏడుస్తుంటే గోడ వైపు తిరిగి కూర్చునేది. అత్తేమో సోమరిదంది. పరంజ్యోతి ఒక్క చూపులో పోల్చుకుని, ఎవరికీ తెలియకుండా, సంతకని చెప్పి గురువారం డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నాలుగు నెలలకు లూదియా బిడ్డను చంకనెత్తుకుని వాకిట్లోకి వచ్చింది. అప్పుడే సీజను తగులుకుంది.

పరంజ్యోతి మందు ఏళ్లుగా ఒక్కటే, కాబట్టి ఎలీషా పోయి తెస్తే సరిపోతుంది. లూదియా మందు ఇంకా కుదురుకోలేదు. "ఈసారి నేను నిన్ను చూడకుండా బిళ్లలు ఇవ్వను, వాళ్లనూ వీళ్లనూ పంపొద్దు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బిళ్లలు బుధవారంతో అయిపోతాయి. గురువారం పొద్దున పోవాలి. శేషయ్య చేన్లో మాత్రం ఒక కట్టుబాటు ఉంది. సీజనులో ఒక్క పొద్దు ఎగ్గొట్టిన మనిషి మళ్లీ చేన్లో అడుగు పెట్టకూడదు.

జ్వరమనో, చుట్టాలింట్లో చావనో ఒక అబద్ధం ఆడితే పోయేది. పరంజ్యోతికి అబద్ధం చేతకాదు. బుధవారం మధ్యాహ్నం మొగ్గలు గిల్లుతూ, శేషయ్య గట్టు మీదికి రాగానే నిలబడి అడిగింది.

"అన్నా, రేపు లూదియాను ఒక పూట పంపియ్యి. దాని సాళ్లు మేం పంచుకుంటాం. ఒక్క పువ్వు పోనీయం."

"యాడికి?"

"డాక్టరు దగ్గరికి."

"రేపు గురువారం గదా. యా డాక్టరు?"

పరంజ్యోతి నాలుక కరుచుకుంది గానీ మాట అప్పటికే చేను దాటింది. ఆళ్లగడ్డలో గురువారం డాక్టరంటే ఒక్కరే. పదకొండు మంది చేతులు మొగ్గల మీద ఆగిపోయాయి. లూదియా తల వంచుకుని గిల్లుతూనే ఉంది, గిల్లాల్సిన దానికంటే లోతుగా.

శేషయ్య చెడ్డవాడేం కాదు. నాలుగు సాళ్లు పోగొట్టుకున్నవాడు, అంతే. "నీ ఒక్కదాంతోనే నాకు తెలిసొచ్చింది పరంజ్యోతీ. ఇంగోదాన్ని తెచ్చిపెడతావా నా చేన్లో? ఆ చీటీ రాయించుకునేది నాకొద్దు. పోతే పోనీ, మళ్ల రావద్దని చెప్పు" అని, సమాధానం కోసం చూడకుండా పోయాడు.

సాయంత్రం గుంపును ఊరికి చేర్చిన ఎలీషా ఆటో దిగాక లూదియా పరంజ్యోతి ముందు నిలబడింది. కళ్లలో నీళ్లు లేవు, దానికే భయం వేసింది పరంజ్యోతికి.

"నేను చెప్పమంటినా అక్కా?"

"లేదు పాపా."

"నీది నువ్వు చెప్పుకుంటివి, బాగుండాది. నాది నువ్వెందుకు చెప్తివి? మా అత్తకు తెల్దు. రేపటికి తెలుస్తాది. నేను యాడికీ రాను. బిళ్లలు వద్దు, ఏం వద్దు. పనికి పోతా."

ఎనిమిదేళ్లుగా ఏది తన బలమనుకుందో పరంజ్యోతి అదే తీసుకుపోయి ఆ పిల్ల నెత్తిన కొట్టింది. మందు ఆగిన మనిషి ఎట్లా జారుతుందో ఆమెకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. మొదటి వారం ఏమీ ఉండదు. రెండో వారం ఇంకా బాగున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత ఏముంటుందో శేషయ్య నాలుగు సాళ్లు చూసినవాళ్లకు తెలుసు. ఇంటికి పోయి కాసేపు గడప మీద కూర్చుంది. తనను తాను బాగా తిట్టుకుంది. తిట్టుకోవడం అయ్యాక లేచి కొంగు దోపుకుంది.

పొద్దు గూట్లో పడకముందే గుంపులోని ఇళ్లన్నీ తిరిగింది. ప్రతి వాకిట్లోనూ ఒకటే మాట. "నోరు జారింది నేను. దిద్దుకోవల్ల. రేపు పొద్దున ఆటో చేనికి పోదు, ఆళ్లగడ్డకు పోతాది. మీరు నా వెంట వచ్చి ఆ బెంచీల మీద కూచోవల్ల. అందరం చీటీ రాయించుకుందాం. చీటీ ఉన్నదాన్ని పనిలోంచి తీసేస్తానన్నాడు గదా, ఎంతమందిని తీస్తాడో చూద్దాం."

ఇద్దరు రాలేమన్నారు. ఒకతెకు మొగుడి భయం, ఒకతెకు పెళ్లి కావలసిన చెల్లెలు ఉంది. పరంజ్యోతి వాళ్లను ఒక్క మాట అనలేదు. అందరికంటే ఎక్కువ రుసరుసలాడింది అనసూయమ్మ. యాభై ఎనిమిదేళ్ల మనిషి, గుంపులో పెద్దది, వీధిలో పనిమంతురాలని పేరు. తెల్లారుజామున మూడింటికే ఆమె వాకిలి ఊడుస్తున్న చీపురు చప్పుడు వినపడుతుంది. కోడి ఆమెను చూసి కూయడం నేర్చుకుందని వీధంతా నవ్వుకుంటారు.

"ఈ వయసులో పిచ్చోళ్ల బెంచీ మీద కూచోబెడతావా నన్ను? నాకేం కర్మ?" అంది అనసూయమ్మ.

"కర్మ లేదులే పెద్దమ్మా. ఒక గంట కూచుంటే బెంచీ ఏం అంటుకోదు."

"సిగ్గు లేదు నీకు."

"లేదు. అది పోయే ఎనిమిదేండ్లాయె. వస్తావా, రావా?"

"వస్తా పో" అని అనసూయమ్మ చీపురు మూలకు విసిరింది.

ఆఖరున లూదియా ఇల్లు. అత్త పెరట్లో ఉన్న సమయం చూసి పిలిచింది. "మధ్యాన్నం నిన్ను అడక్కుండా చెప్పినా. ఇప్పుడు అడిగే పని చేస్తాండా. రేపు నువ్వు ఒప్పుకుంటేనే."

"ఊరంతా చూస్తాది అక్కా."

"చూడనీ. పదకొండు మందిని చూస్తాది. నిన్నొక్కదాన్ని యాడ చూస్తాది?"

లూదియా పెరటి వైపు ఒకసారి చూసి, "ఎన్నింటికి?" అని అడిగింది.

మర్నాడు ఎనిమిదింటికి ఎలీషా ఆటో చేను మలుపు దగ్గర ఆగకుండా తిన్నగా పోయింది. వెనక పదకొండు మంది ఒకరి ఒడిలో ఒకరు. మలుపు దాటేటప్పుడు అందరి తలలూ చేను వైపు తిరిగాయి. చేన్లో వేలకు వేల ఎర్ర కాగితాలు ఎండ కోసం ఎదురుచూస్తున్నాయి, వాటిని వాళ్లే నిన్న తమ చేతులతో తొడిగారు. చేతిలో పని పాడుచేసుకోవడం పనిచేసేవాళ్లకు ఎంత కష్టమో కూర్చుని తినేవాళ్లకు తెలియదు.

వరండాలో బల్ల దగ్గర చీటీలు రాసే సాయిప్రియ ఆ గుంపును చూసి కలం దించింది. "పరంజ్యోతక్కా, వీళ్లంతా ఎవరు?"

"చీటీలు రాయమ్మా. అందరికీ. ముందు లూదియాది రాయి."

సాయిప్రియ పదకొండు చీటీలు రాసింది. నాలుగు బెంచీలూ నిండాయి. లూదియా లోపలికి పోయి పావుగంటకు బిళ్లల పొట్లంతో బయటికొచ్చింది. ఒక బిళ్ల తగ్గించారట, అది బాగుపడుతున్నట్టు లెక్కట. వచ్చిన పని అయిపోయింది. పరంజ్యోతి లేచింది కూడా. సరిగ్గా అప్పుడే సాయిప్రియ చీటీ చూసి, "అనసూయమ్మ" అని పిలిచింది.

గుంపంతా గొల్లున నవ్వారు. "పో పెద్దమ్మా, రాయించుకున్నావు గదా, ఊరికే పోనీయకు" అని ఎగదోశారు. "పోతా, నాకేం భయం? బీపీ అన్నా చూస్తాది" అంటూ అనసూయమ్మ కొంగు సవరించుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

పది నిమిషాలు గడిచాయి. పావుగంట గడిచింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లోపలి నుంచి మాటలు వినపడలేదు గానీ, ముక్కు చీదిన చప్పుడు ఒకటి వినపడింది, మళ్లీ ఒకటి. సాయిప్రియ లేచి ఒక గ్లాసుతో నీళ్లు లోపలికి తీసుకుపోయింది.

పరంజ్యోతి తలుపు వైపు చూస్తూ కూర్చుంది. మూడింటి చీపురు చప్పుడు ఆమె చెవిలో ఆడింది. ఎన్నేళ్ల నుంచి ఊడుస్తోంది ఆ వాకిలిని? కొడుకు అజయ్ కుమార్ లారీ కింద పడి పోయినప్పటి నుంచి. తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లుగా ఆ మనిషికి నిద్ర లేదు, అందరూ కలిసి దానికి పనితనమని పేరు పెట్టి నవ్వుకున్నారు. తానూ నవ్వింది. నిద్ర లేకపోవడమంటే ఏమిటో తెలిసిన తాను, అదే వీధిలో ఉండి, నవ్వింది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తొమ్మిదీ ముప్పావుకు శేషయ్య మోటారుసైకిలు వరండా ముందర ఆగింది. చేను చూసి, ఊరు చూసి, ఎవరో చెబితే ఇటు వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"ఏందిమ్మే ఇది? ఎండ ఎక్కుతాంది. నిన్నటి మొగ్గంతా ఏం కావాల?"

"నువ్వే అంటివి గదన్నా, చీటీ రాయించుకునేది నీకొద్దని" అంది పరంజ్యోతి కూర్చున్నచోటి నుంచి కదలకుండా. తన చీటీ ఎత్తి చూపించింది. ఆ పక్కనామె తనది ఎత్తింది. బెంచీ తర్వాత బెంచీ, చీటీలన్నీ లేచాయి. లూదియా కూడా ఎత్తింది. "అందరివీ ఉండాయి. చీటీ లేనోళ్లు ఎవరన్నా ఉంటే ఏరుకొని తీసుకపో."

శేషయ్య నాలుగు బెంచీలూ చూశాడు. బెంచీ చివర కూర్చున్న ఒక పెద్ద రైతు, ఆయన ఎవరో గానీ, తన చీటీ జేబులోంచి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. శేషయ్య చూపు దించుకున్నాడు.

"సరే తల్లీ. నాదే తప్పు. లూదియా గూడ రానీ. గురువారం ఎవరు యాడికి పోయినా నేను అడగను. బిరబిరా ఎక్కండి, నీకు దండం పెడతా."

గెలిచింది. ఎవరైనా అయితే లేచి ఆటో ఎక్కేవాళ్లు. పరంజ్యోతి లేవలేదు.

"అనసూయమ్మ లోపల ఉండాది."

"ఆ ముసల్దానికేంది? ఏం జబ్బంట?"

ఎనిమిదేళ్లుగా ఏదీ దాచని మనిషి, బిళ్లను అరచేతిలో పెట్టి ఊరికి చూపించిన మనిషి, అతని ముఖంలోకి సూటిగా చూసింది. "అది ఆమె చెప్తే నువ్వు వినాల. నేను చెప్పను. నువ్వు అడగొద్దు. ఆమె బయటికి వచ్చేదాకా ఆటో కదలదు, మొగ్గలు మాడిపోయినా సరే. కూచో అన్నా, చోటుండాది" అని పక్కకు జరిగింది.

లూదియా ఆమె వైపు తల తిప్పి చూసింది. బుధవారం తర్వాత ఆ పిల్ల ఆమె ముఖం చూడటం అదే మొదలు. శేషయ్య ఎండ వంక ఒకసారి, మూసిన తలుపు వంక ఒకసారి చూశాడు. కాలు నొచ్చిందో, మనసే ఒప్పుకుందో, వచ్చి బెంచీ అంచున కూర్చున్నాడు. సాయిప్రియ అలవాటు కొద్దీ కలం తీసి, "మీ పేరండీ?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు.

పదిన్నరకు తలుపు తెరుచుకుంది. అనసూయమ్మ కళ్లు వాచి ఉన్నాయి. పొట్లాన్ని నడుముకు దోపుకుని, అందరినీ ఒకసారి చూసి, "ఏం చూస్తాండారు? పాండి, ఎండెక్కుతాంది" అని ముందు తానే ఆటో ఎక్కింది.

ఆ పొద్దు పదకొండు మందీ ఒళ్లు దాచుకోకుండా చేశారు. రాలేమన్న ఇద్దరూ అప్పటికే నడిచి వచ్చి, చేన్లో చెరి రెండు సాళ్లు ముగించి ఉన్నారు. శేషయ్య కూడా చొక్కా చేతులు మడిచి మగపువ్వులు తెచ్చి అందించాడు. అయినా పడమటి వైపు రెండు సాళ్లు ఎండకు పోయాయి. అతను వాటి దగ్గర కాసేపు నిలబడ్డాడు గానీ ఎవరినీ ఏమీ అనలేదు. లూదియా అత్తకు సంగతి ఎట్లాగూ తెలిసింది. నాలుగు రోజులు మూతి ముడిచి, అయిదో రోజు "బిళ్ల వేసుకున్నావా?" అని అడిగిందట.

పది పన్నెండు రోజుల తర్వాత ఒక పొద్దున, చేనికి పోయే వేళకు పరంజ్యోతి వీధిలోకి వచ్చి చూస్తే అనసూయమ్మ వాకిలి ఊడ్చి లేదు. రాలిన వేపాకు రాలినట్టే ఉంది. చీపురు గోడకు ఆనించి ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. పరంజ్యోతి మెల్లగా మెట్టెక్కి, తలుపు సందుకు చెవి ఆనించింది. లోపల నుంచి గుర్రు వినపడింది, ఎడ్లబండి ఎత్తు ఎక్కుతున్నట్టు నిదానంగా, బరువుగా.

తట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. వీధి చివర ఆటోలో ఎలీషా హారను మీద చెయ్యి పెట్టాడు. గుంపంతా ఎక్కి కూర్చుని ఉంది. "పొద్దుపోతాంది, ఆ ముసలామె ఏదీ?" అని ఎవరో అన్నారు.

పరంజ్యోతి పరుగున పోయి ఎలీషా చెయ్యి పట్టుకుంది.

"హారను కొట్టినావంటే ఊరుకోను. ఆమె సాళ్లు మనం చేస్తాం. పడుకోనీ."